మాడిపోయిన సీఎఫ్‌ఎల్... ఏ బుట్టలో వేస్తున్నారు?

మొన్నామధ్య ఓ రాత్రి పదిన్నరకు మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు ఆవిడ తలుపు కొట్టారు. చంకలో రెండేళ్ల బాబు. వెనకాల వాళ్లాయన, చేతిలో ఫోను. 'అన్నయ్యగారూ, బల్బు పగిలింది. అందులో పాదరసం ఉంటుందట కదా! బాబు పక్కనే ఆడుకుంటున్నాడు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలా?' అన్నారు ఒక్క గుక్కలో. హాల్లో మాడిపోయిన పాత సీఎఫ్‌ఎల్ తీసి ఎల్‌ఈడీ పెడుతుంటే చెయ్యి జారిందట.

బాబును చూశాను. ఎక్కడా గాజు గుచ్చుకోలేదు. దగ్గు లేదు. నోట్లో ఏమీ పెట్టుకోలేదు. నిద్ర చెడిందన్న చిరాకు తప్ప వాడికి ఏ ఇబ్బందీ లేదు. కంగారు పడొద్దని చెప్పి, పగిలాక ఏం చేశారని అడిగాను. గాలి ఆడాలని ఫ్యాన్ ఐదులో పెట్టారు. చీపురుతో గబగబా ఊడ్చేశారు. ముక్కలన్నీ వంటింటి చెత్త కవర్లో వేసి, మూతి కట్టి గుమ్మం బయట పెట్టారు. పొద్దున్నే చెత్త బండి వస్తుందిగా!

ఆ మూడూ చేయకూడని పనులే. కానీ ఆ రాత్రి నేను మొదటి రెండింటి గురించే మాట్లాడాను. గుమ్మం బయట ఉన్న కవరు సంగతి నాకూ తట్టలేదు. ఎందుకంటే నేనూ ఏళ్ల తరబడి అలాగే పడేశాను.

తట్టేలా చేసింది మరొకావిడ. కొన్ని వారాల తర్వాత నేను డ్యూటీలో ఉండగా క్యాజువాలిటీకి ఓ పారిశుద్ధ్య కార్మికురాలు వచ్చారు. అరచేతిలో లోతుగా తెగింది. కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చాక ఏం గుచ్చుకుందమ్మా అని అడిగాను. 'ట్యూబ్‌లైటు సార్. పొడుగ్గా ఉంటాయి కదా, బండిలో పట్టవు. గోనెసంచిలో పెట్టి కాలితో తొక్కేస్తాం. చిన్న లైట్లు కూడా అంతే' అన్నారు. రోజూ వస్తాయా అంటే, 'రోజూ ఏముంటాయి సార్, పండగల ముందు ఎక్కువ' అన్నారు. నిజమే. దసరాకో, సంక్రాంతికో ఇల్లు దులిపినప్పుడేగా అటక మీది పాత బల్బులన్నీ కిందికి దిగేది.

కింది అంతస్తు ఆవిడకు వచ్చిన భయం ఒక్క బల్బుకు. ఈవిడ తొక్కినవి ఎన్నో లెక్కలేదు. ఈవిడను మాత్రం ఎవరూ అర్ధరాత్రి డాక్టరు దగ్గరకు పరిగెత్తించలేదు.

ఇప్పుడే ఎందుకీ గొడవ?

రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా 'ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2026' అమల్లోకి వచ్చాయి. తడి చెత్త, పొడి చెత్త అని ఇన్నాళ్లూ విన్నాం. ఇప్పుడు ఇంట్లోనే నాలుగు రకాలుగా వేరు చేయాలి. తడి, పొడి, డైపర్లు-శానిటరీ ప్యాడ్ల వంటివి, నాలుగోది ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. ఈ నాలుగో రకంలోకే పెయింటు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, మందులు వస్తాయి. వీటిని రోజువారీ చెత్తలో కలపకూడదు. అధీకృత సంస్థకు ఇవ్వాలి, లేదా వాటికోసం పెట్టిన సేకరణ కేంద్రంలో అప్పగించాలి.

రెండోది, సీఎఫ్‌ఎల్ కథ ముగింపుకొచ్చింది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో ప్రపంచ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అదే మినమాటా ఒప్పందం. మన దేశం 2014లో సంతకం చేసి, 2018లో ఆమోదించింది. మనం ఇళ్లలో వాడే 30 వాట్ల లోపు సీఎఫ్‌ఎల్ బల్బుల తయారీ, ఎగుమతి, దిగుమతులకు 2025ను గడువుగా ఆ ఒప్పందం పెట్టింది. మిగతా రకాల సీఎఫ్‌ఎల్‌లకు, ట్యూబ్‌లైట్లకు 2026, 2027. అంటే కొత్తవి రావడం ఆగిపోతోంది. అది మంచి కబురే. కానీ ఇప్పటికే మన హోల్డర్లలో, మెట్ల కింద, అటకల మీద ఉన్నవన్నీ వచ్చే నాలుగైదేళ్లలో చెత్తలోకి రావాల్సిందే. ఆ చివరి విడత ఎక్కడికి వెళ్తుందన్నదే ఇప్పుడున్న ప్రశ్న.

అసలు ఇన్ని సీఎఫ్‌ఎల్‌లు మన ఇళ్లలోకి ఊరికే రాలేదు. 2009లో కేంద్ర ప్రభుత్వం 'బచత్ లాంప్ యోజన' మొదలుపెట్టింది. మామూలు పాత బల్బు ధరకే, 15 రూపాయలకు, సీఎఫ్‌ఎల్ ఇవ్వడం దాని ఉద్దేశం. దాదాపు ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో ఇదే పద్ధతిలో ఇంటింటికీ సీఎఫ్‌ఎల్‌లు పంచారు. కరెంటు కోతల కాలం అది. 60 వాట్ల బల్బు తీసేసి 14 వాట్లది పెడితే బిల్లు తగ్గింది, బొగ్గు మిగిలింది. బొగ్గు మండితే వచ్చే పొగలోనూ పాదరసం ఉంటుంది కాబట్టి, ఆ మేరకు గాలీ బాగుపడింది. అప్పుడు అవి కొన్నందుకు మీరు బాధపడాల్సిన పనిలేదు. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌ఈడీల పంపిణీ, 2015 జనవరిలో దేశవ్యాప్తంగా ఉజాలా పథకం వచ్చాక కథ మారింది. ఆ ఒక్క పథకం కిందే 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీలు ఇళ్లకు చేరాయి. ఇన్ని కొత్త బల్బులు లోపలికి వచ్చాయంటే, అన్ని పాత బల్బులు బయటికి వెళ్లాయని అర్థం. ఎటు వెళ్లాయో అడిగినవాళ్లు తక్కువ.

బల్బులో ఎంత పాదరసం?

సీఎఫ్‌ఎల్ అయినా, ట్యూబ్‌లైట్ అయినా పనిచేసేది ఒకే తీరులో. గాజు గొట్టంలో కొంచెం పాదరసం ఉంటుంది. కరెంటు వెళ్లగానే ఆ ఆవిరి నుంచి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. గొట్టం లోపలి గోడకు పూసిన తెల్లటి పొడి వాటిని వెలుగుగా మారుస్తుంది. బల్బు మాడిపోయినంత మాత్రాన పాదరసం ఎటూ పోదు. చాలావరకు ఆ తెల్లటి పొడికే పట్టుకుని ఉంటుంది. కాబట్టి మాడిన బల్బు కూడా కొత్త బల్బంత జాగ్రత్తగా చూడాల్సిందే.

మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం 30 వాట్ల లోపు సీఎఫ్‌ఎల్‌లో పాదరసం 2.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ హద్దు రాకముందు కొన్న పాత బల్బుల సంగతి వేరు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే స్వచ్ఛంద సంస్థ మన మార్కెట్లోని సీఎఫ్‌ఎల్‌లను పరీక్ష చేయించి 2011లో వివరాలు బయటపెట్టింది. సగటున ఒక్కో బల్బులో సుమారు 21 మిల్లీగ్రాములు తేలింది. మీ అటక మీద పదిహేనేళ్ల నాటి బల్బు ఉంటే, అది ఈ కాలపుదే కావచ్చు.

పోల్చి చూసుకోవడానికి ఒక లెక్క చెబుతాను. మన చిన్నప్పటి జ్వరం చూసే గాజు థర్మామీటర్లో సుమారు అర గ్రాము, అంటే 500 మిల్లీగ్రాములు, ఆపైన కూడా పాదరసం ఉండేది. అది పగిలితే ఆ వెండి గుండ్లను అరచేతిలో దొర్లించి ఆడుకున్నవాళ్లు ఈ వ్యాసం చదివేవారిలో బోలెడుమంది ఉంటారు. నేనూ ఆడుకున్నాను. సీఎఫ్‌ఎల్‌లో ఉండేది అందులో చిన్న వంతు. అందుకే ఇంట్లో ఒక్క బల్బు పగిలి, సరిగ్గా శుభ్రం చేసుకుంటే ఎవరికీ పాదరసం విషం ఎక్కదని ధైర్యంగా చెబుతున్నాను. రక్త పరీక్షలు చేయించక్కర్లేదు. గర్భిణులు కూడా ఆ గదిలోంచి బయటికి వచ్చి, శుభ్రం చేసే పని ఇంకొకరికి అప్పగిస్తే చాలు.

మరి ప్రమాదం ఎక్కడ? పాదరసం మింగితే కన్నా పీలిస్తే ఎక్కువ చేటు. ద్రవరూపంలో కడుపులోకి పోయినది దాదాపు అంతా అలాగే బయటికి వచ్చేస్తుంది. ఆవిరిగా పీల్చినదాంట్లో మాత్రం సుమారు 80 శాతం ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది. గర్భిణి పీలిస్తే మాయను దాటి బిడ్డకూ చేరుతుంది. గాలి ఆడని చోట ఎక్కువ మొత్తంలో, లేదా కొద్దికొద్దిగా చాలాకాలం పీల్చేవారికి చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, అకారణంగా చికాకు, మతిమరుపు, చిగుళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతాయి. ఇవన్నీ ఇంకో వంద కారణాల వల్ల కూడా వస్తాయి. వయసు వల్లనో, షుగరు వల్లనో, తాగుడు వల్లనో అనుకుని మేమే వదిలేస్తాం. 'మీరు చెత్తలో ట్యూబ్‌లైట్లు పగలగొడతారా' అని ఓపీలో అడిగే డాక్టరు అరుదు. ఆ కార్మికురాలి చెయ్యి కుట్టే రోజుదాకా నేనూ అడగలేదు.

పిల్లల విషయంలో ఒక పాత కేసు చెప్పాలి. 1987లో అమెరికా పిల్లల వైద్యుల పత్రిక 'పీడియాట్రిక్స్'లో వచ్చింది. రెండేళ్లు కూడా నిండని బాబు. ఆకలి లేదు, కుదురు లేదు, ఒంటి మీద దద్దుర్లు, కాళ్లు చేతుల నొప్పులు. ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి తేలిందేమిటంటే, వాడు ఆడుకునే షెడ్డులో ఒక పెట్టెనిండా పొడవాటి ట్యూబ్‌లైట్లు పగిలిపోయి ఉన్నాయి. ఒక్క బల్బు కాదు, పెట్టె మొత్తం. పైగా ఒక్క రోజు కాదు. ఈ రెండు మాటలే ముఖ్యం. మన ఇళ్లలో అలా జరగదు. కానీ చెత్త వేరు చేసే షెడ్డులో, పాత సామాన్ల దుకాణం వెనక గదిలో, అక్కడే గుడిసె వేసుకుని ఉండే కుటుంబం పిల్లల దగ్గర... అక్కడ జరగొచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఐదారు వందల ఇళ్లు తిరిగే చెత్త బండి ఒకటి అనుకోండి. ఇంటికి ఏడాదికి ఒక్క సీఎఫ్‌ఎలో, ట్యూబ్‌లైటో మాడిపోయినా, ఆ బండి మీదివాళ్ల ముందు రెండు రోజులకు మూడు పగులుతాయి. పండగ ముందు వారంలో ఇంకా ఎక్కువ. మాస్కు లేకుండా, చేతులకు గ్లోవ్స్ లేకుండా.

బండి తర్వాత డంపింగ్ యార్డు. హైదరాబాద్‌కు జవహర్‌నగర్, విశాఖకు కాపులుప్పాడ. చెత్తకు నిప్పంటుకుంటే పాదరసం ఆవిరై గాల్లో కలుస్తుంది. వానకు కడిగితే నీటిలోకి చేరుతుంది. నీటి అడుగున బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చేపల్లో పేరుకుంటుంది, చేపల నుంచి మనకు. జపాన్‌లో మినమాటా ఊరివాళ్లకు జరిగింది ఈ మిథైల్ మెర్క్యురీ వల్లే. అక్కడ ఓ రసాయనాల ఫ్యాక్టరీ నేరుగా సముద్రంలోకి వదిలిన వ్యర్థాలతో చేపలు విషమయ్యాయి. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. మన బల్బులతో మినమాటా వస్తుందని నేననడం లేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రజారోగ్యానికి అత్యంత ఆందోళన కలిగించే పది రసాయనాల్లో పాదరసాన్ని ఊరికే చేర్చలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కొడైకెనాల్. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లిన పాదరసం అంటిన గాజు ముక్కలు 2001లో ఊళ్లోనే, ముంజికల్ అనే చోట ఓ పాత సామాన్ల దుకాణం దగ్గర టన్నుల్లో బయటపడ్డాయి. ఆ ఏడాదే ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీలో జరిగినదానికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ దుకాణం. ఏ పాదరసమైనా మన దేశంలో చివరికి తేలేది అలాంటి చోటే.

పగిలితే పావుగంట పని

కింది అంతస్తు ఆవిడకు ఆ రాత్రి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందుగా పిల్లల్ని, గర్భిణుల్ని, కుక్కనో పిల్లినో గదిలోంచి పంపేయండి. ఎవరూ ముక్కల మీదుగా నడవకూడదు. ఫ్యాన్, ఏసీ ఆపండి, ఎందుకంటే అవి ఆ పొడిని ఇల్లంతా తిప్పుతాయి. కిటికీలు బార్లా తెరిచి, గది తలుపు వేసి, పది నిమిషాలు బయటికి వచ్చేయండి. ఈ పది నిమిషాలే అన్నిటికన్నా ముఖ్యం. ఆవిరిలో చాలా భాగం కిటికీలోంచి పోతుంది.

తర్వాత చీపురు జోలికి వెళ్లకండి. వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర పర్యావరణ శాఖ 2008లో పదుల కొద్దీ సీఎఫ్‌ఎల్‌లను కావాలనే పగలగొట్టి గాలిని కొలిచింది. కార్పెట్ మీద వ్యాక్యూమ్ వాడినప్పుడు పాదరసం మళ్లీ గాల్లోకి లేచినట్టు అందులో తేలింది. కాబట్టి రెండు పాత శుభలేఖలు తీసుకోండి. గట్టి అట్ట కదా, చేటలా పనికొస్తాయి. వాటితో ముక్కల్ని, పొడిని ఎత్తండి. మిగిలిన సన్నటి రజను సెలోటేపు అద్ది తీయండి. చివర్లో తడిపిన కాగితంతో నేల తుడవండి. చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కున్నా సరే. వాడిన అట్టలు, టేపు, కాగితం, ముక్కలు అన్నీ మరమూత ఉన్న ఖాళీ గాజు సీసాలో వేయండి. పచ్చడి సీసా చక్కగా సరిపోతుంది. మెయిన్ పరీక్షల్లో ప్లాస్టిక్ సంచులకన్నా బిగుతు మూత ఉన్న గాజు సీసాలే ఆవిరిని బాగా ఆపాయి. సీసా లేకపోతే జిప్ ఉన్న కవర్లు రెండు ఒకదాన్లో ఒకటి. దాన్ని ఇంటి బయట బాల్కనీలో పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. కిటికీలు ఇంకో రెండు మూడు గంటలు తెరిచే ఉంచండి.

పరుపు మీదో, బొంత మీదో పగిలితే? దుప్పటిని వాషింగ్ మెషీన్‌లో వేయకండి. ఆ ముక్కలు, పొడి నేరుగా పడిన గుడ్డను వదిలేసుకోవడమే మేలు. పట్టుచీర మీద పడితే ఏం చేయాలని ఒకావిడ అడిగారు. అప్పుడు మాత్రం నాకు జవాబు చెప్పడానికి మనసొప్పలేదు.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి? గాజు లోతుగా తెగినా, కంట్లో పడినా రండి. మూసి ఉన్న గదిలో ఊడ్చాక దగ్గు, ఆయాసం మొదలైతే రండి. పిల్లాడు ముక్క నోట్లో పెట్టుకుంటే భయం పాదరసం గురించి కాదు, గాజు గురించి. వాంతి చేయించకండి, అన్నం ముద్దలు మింగించకండి, నేరుగా తీసుకురండి.

పగలని బల్బుల సంగతి

పగలకుండా చూసుకోవడమే అసలైన పని. స్విచ్ ఆపి, చల్లారాక, గాజు గొట్టాన్ని పట్టి తిప్పకుండా కింది ప్లాస్టిక్ భాగం పట్టి విప్పండి. కొత్త ఎల్‌ఈడీ వచ్చిన అట్టపెట్టె పారేయకండి, పాత సీఎఫ్‌ఎల్‌కు అదే ఇల్లు. ట్యూబ్‌లైట్ అయితే కొత్తది వచ్చిన పొడవాటి అట్ట తొడుగులోనే పాతదాన్ని దూర్చండి. పిల్లల చేతికి ఇవ్వకండి. 'ఢాం' అని పేలుతుందని మైదానంలో ట్యూబ్‌లైట్లు విసిరే సరదా మన ఊళ్లన్నిటిలో ఉంది. భోగి మంటల్లో పాత సామాన్లతో పాటు ఇవీ పడుతుంటాయి. ఆ మంట చుట్టూ నిలబడేది ముసలివాళ్లు, పసిపిల్లలే.

ఎల్‌ఈడీలో పాదరసం ఉండదు. అయినా లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది కాబట్టి అది కూడా ఈ-వ్యర్థమే. పాతకాలపు ఫిలమెంట్ బల్బులో పాదరసం లేదు. దాన్ని కాగితంలో చుట్టి, గాజు అని రాసి ఇస్తే చాలు.

సరే, అట్టపెట్టెలో దాచాం. ఎవరికివ్వాలి? నా కోపం అంతా ఇక్కడే. చట్టంలో లోటేమీ లేదు. సీఎఫ్‌ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు ప్రమాదకరమైన ఇంటి చెత్త అని 2016 నాటి నిబంధనలే పేరుపెట్టి చెప్పాయి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున స్థానిక సంస్థ సేకరణ కేంద్రం పెట్టాలన్నాయి. ఆ లెక్కన 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ పరిధికి ముప్ఫైకి పైగా, విజయవాడకు నాలుగు ఉండాలి. మీ ఇంటికి దగ్గర్లోది ఎక్కడుందో చెప్పగలరా? నేను నా సహోద్యోగులు పన్నెండు మందిని అడిగాను. అందరూ ఎండీలో, ఎంఎస్‌లో చదివినవాళ్లే. ఒక్కరికీ తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. ఆకుపచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు ఇలాంటి ప్రమాదకర చెత్తకు. ఆలోచన సరైనదే. మా బంధువుల ఇంట్లో ఎర్ర బుట్టలో ఉల్లిపాయలు ఉన్నాయి. తప్పు వాళ్లది మాత్రమే అనను. ఎర్ర బుట్టలో వేసింది కూడా బండిలో ఆకుపచ్చ బుట్టలోదానితో కలిసిపోతుంటే ఎవరైనా ఎన్నాళ్లు వేరు చేస్తారు?

తయారీదారుల బాధ్యత సంగతి చూద్దాం. పాదరసం ఉన్న దీపాలను ఈ-వ్యర్థాల నిబంధనల్లో చేర్చారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం కంపెనీలు ఏటా నిర్ణీత శాతం సరుకును రీసైకిల్ చేయించినట్టు సర్టిఫికెట్లు చూపాలి. ఈ ఏర్పాటు తిరిగేది ప్రధానంగా బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం లాంటి లోహాల చుట్టూ. పాత ఫోనులో, ఏసీలో అవి ఉంటాయి, కాబట్టి ఎవరైనా ఇంటికొచ్చి డబ్బిచ్చి తీసుకెళ్తారు. సీఎఫ్‌ఎల్‌లో ఏముంది? గాజు, కాస్త ప్లాస్టిక్, తెల్లటి పొడి. దాన్ని గాలి బయటికి రాని యంత్రంలో నలగ్గొట్టి, పొడిని వేరు చేసి, వేడిచేసి పాదరసాన్ని రాబట్టాలి. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. పాత సామాన్ల అబ్బాయి మీ మాడిన బల్బుకు రూపాయి కూడా ఎందుకివ్వడో, పెద్ద రీసైక్లింగ్ కంపెనీ దాని కోసం మీ వీధికి ఎందుకు రాదో కారణం ఒకటే. విలువ లేని విషాన్ని మార్కెట్ వెతుక్కుంటూ రాదు. దాన్ని సేకరించే ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. బల్బుల తయారీ ఆగిపోయాక ఆ పద్దు ఎవరి పేర రాస్తారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

అందాకా మనకు చేతనైనది ఒకటుంది. ఒక్క ఇంటి రెండు బల్బులకు ఎవరూ రారు, అపార్ట్‌మెంట్ మొత్తం కలిస్తే వస్తారు. సెల్లారులో తాళం ఉన్న చోట ఒక గట్టి డబ్బా పెట్టి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అధీకృత రీసైక్లర్‌కు ఇవ్వొచ్చు. కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో నమోదైన రీసైక్లర్ల జాబితా దొరుకుతుంది. పాదరసం దీపాలు తీసుకుంటారా అని ముందే ఫోన్ చేసి అడగండి, అందరూ తీసుకోరు. తీసుకున్నట్టు రసీదు అడగండి. స్కూళ్లు, బ్యాంకులు, ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు అయితే ఇంకా పెద్ద మొత్తాలు. ఇతరుల సంగతి ఎందుకు, నేను పనిచేసే చోటే మెట్ల కింద కాలిపోయిన ట్యూబ్‌లైట్లు కట్టలు కట్టలుగా ఏళ్ల తరబడి నిలబడి ఉండేవి. పాదరసం బీపీ మిషన్లు, థర్మామీటర్లు తీసేశామని చెప్పుకునేవాళ్లం. ఆ మెట్ల మీదుగానే ఎక్కిదిగేవాళ్లం.

చెత్త తీసుకునే మనిషితో కూడా మాట్లాడండి. ఎప్పుడైనా పగిలిన సీసా ఇవ్వాల్సి వస్తే అందులో ఏముందో నోటితో చెప్పండి. సంచిలో వేసి తొక్కొద్దని చెప్పండి. నేను మా బండి మీది ఆవిడకు చెబితే, 'ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు సార్, ఆ పొడి ముఖాన పడితే కొంగుతో తుడుచుకునేదాన్ని' అన్నారు.

మా సెల్లారులో ఇప్పుడు పాత రంగు డబ్బా ఒకటి ఉంది. కింది అంతస్తు ఆవిడే దాని మీద పెద్ద అక్షరాలతో 'బల్బులు మాత్రమే' అని రాశారు. మూడు నెలల్లో 41 సీఎఫ్‌ఎల్‌లు చేరాయి. పక్కనే గోడకు తాడుతో కట్టి 17 ట్యూబ్‌లైట్లు. పచ్చడి సీసా ఒకటి. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు పైవాళ్లను అడిగి చెబుతానన్నారు. రెండోసారి, కొత్త నిబంధనల కింద ఏజెన్సీ ఇంకా ఖరారు కాలేదన్నారు. మనిషి మంచివాడే, విసుక్కోలేదు. మళ్లీ సోమవారం చేయమన్నారు.